ఎవరూ తొక్కని డోర్‌మ్యాట్

మా డిజైన్ కాలేజీలో, అక్షరాలు అచ్చువేసిన బట్టతో రోజూ వాడే వస్తువేదైనా తయారుచేసి, ఇంట్లో వారం రోజులు వాడి తీసుకురమ్మన్నారు. నేను 'అ ఆ ఇ ఈ' పెద్దగా అచ్చువేసి డోర్‌మ్యాట్ కుట్టాను. మాదన్నపేటలో మా ఇంటి గుమ్మం ముందు పరిచాను.

వారమంతా ఇంట్లోవాళ్లు దాన్ని దాటుకుంటూనే తిరిగారు. అమ్మయితే కూరగాయల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని మరీ అంగలేసింది. పక్కింటి ఖాజా చాచాకు తెలుగు చదవడం రాదు కదా, ఆయనైనా తొక్కుతారని ఆశపడ్డాను. ఆయన చెప్పులు విప్పి, గోడ పట్టుకుని పక్కనుంచి లోపలికొచ్చారు.

"చాచా, కాళ్లు తుడుచుకోనికే పెట్టిన. తొక్కుండ్రి."

"నాకు చదవరాకపోతే ఏంది బేటా, రాతే గదా. కాలెట్ల పెడ్త?"

ఈ రోజు దాన్ని కొత్తదానిలాగే క్లాసుకు తీసుకెళ్లాను. మేడమ్ నేల మీద పరిపించి చూశారు. "ఒక్క మరక లేదు. నువ్వసలు వాడనే లేదు" అని సగం మార్కులు కోసేశారు. ఆ తర్వాత చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, నా మ్యాట్‌ను జాగ్రత్తగా దాటి తన కుర్చీ దగ్గరికి వెళ్లారు.

మీలో ఎవరైనా తొక్కగలిగితే మా ఇంటికి రండి, చాయ్ నేను పోయిస్తాను. నా వల్లయితే కాలేదు.