ముందటి అర్రలో ఉండిపోయిన తాళంచెవి

చావు కార్డు ఏ ఇంట్లోనూ నిలవదు. పెండ్లి కార్డుకైతే నాలుగు మూలలా పసుపు పెడతారు, గోడ మేకుకు గుచ్చి ఏడాది దాకా ఉంచుతారు. దశదిన కర్మ కార్డును మాత్రం గడప బయట నిలబడే చదివి, అక్కడికక్కడే చింపి మోరీలో వేస్తారు. కరీంనగర్‌లో పుట్టి పెరిగిన రాజం సారుకు ఇది తెలియని సంగతి కాదు. అయినా భార్య బాలలక్ష్మి పోయాక ఆమె కార్డులు పంచడానికి తాను బయలుదేరిన రోజున, మంకమ్మతోటలో ఒక ఇంట్లో కార్డిచ్చి మలుపు తిరిగాడో లేదో, వెనుకనుంచి కాగితం చినిగిన చప్పుడు వినబడింది. ఆయన తిరిగి చూడలేదు. తప్పు ఆ ఇంటివాళ్లది కాదు, రివాజు అది. మిగిలిన కార్డులను సంచిలోనే పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆ చప్పుడంటే బాలలక్ష్మికి ఎప్పటినుంచో పడేది కాదు.

రాజం సారంటే ఒకప్పుడు బస్టాండు వెనుక టైపింగు ఇన్‌స్టిట్యూట్ సారు. డెబ్భైలలో ఊళ్లో గుమాస్తా ఉద్యోగం కావాలనుకున్న ప్రతివాడూ ఆయన దగ్గర లోయరో హయ్యరో పరీక్ష కట్టినవాడే. కీల వంక చూస్తూ కొట్టేవాడి వేళ్ల మీద ఆయన స్కేలు పడేది. ఖానాపూర్ నుంచి కొత్త కోడలిగా వచ్చిన బాలలక్ష్మి, మధ్యాహ్నం క్లాసు ఖాళీ అయ్యాక చివరి మిషను ముందు కూర్చుని నేర్చుకుంది. ఆమె వేళ్ల మీద మాత్రం స్కేలు పడలేదు. ఇద్దరికీ పిల్లలు కలుగలేదు. ఆ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ ఎండిపోయింది. మిషన్లను పాత ఇనుము లెక్కన అమ్మేసి, ఇంటి ముందటి అర్రలో ఒక కంప్యూటరు పెట్టుకున్నారు. రాజం సారుకు దానిమీద మనసు పోలేదు. కొడితే చప్పుడు కాని కీలు ఏం కీలని ఆయన బాధ. బాలలక్ష్మే కూర్చుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఏజెంటు ఫ్లాపీలో తెలుగు ఫాంటు తెచ్చి ఎక్కించి పోయాడు. ఇక పెండ్లి కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, చావు కార్డులు అన్నీ ఆమె చేతిమీదుగానే.

చావు కార్డు కోసం వచ్చినవాళ్లు పేరు, తేదీ చెప్పి లేవబోతుంటే ఆమె ఆపేది. "జర కూసో అన్నా. అవ్వ నవ్వితె ఎట్ల నవ్వేది?" అని అడిగేది. ఏడ్చి ఏడ్చి వచ్చినవాళ్లు ఆ ప్రశ్నకు ముందు బిత్తరపోయేవారు, తరువాత చెప్పడం మొదలుపెట్టేవారు. వాళ్లు వెళ్లాక, చనిపోయిన మనిషి పేరుతో ఒక ఫైలు తెరిచి, నాలుగైదు వాక్యాలు రాసి దాచేది. ఎవరూ అడగనిది, ఎవరూ పైసా ఇవ్వనిది.

"గదెందుకే?" అని రాజం సారు అడిగితే,

"కార్డేమో గడప కాన్నే చింపిరి. మనిషి గూడ గట్లనే పోవాల్నా?" అనేది. భోజనాలయ్యాక, "గిది ఇను" అని కొత్తగా రాసింది చదివి వినిపించేది. ఆయన సగం వినేవాడు, సగం కునికేవాడు.

తొంభై తొమ్మిది శ్రావణంలో ఆమె జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. కార్డు వేరే ప్రెస్సులో కొట్టించాడు. పేరు, తేదీ చెప్పి లేచి వచ్చేశాడు. జర కూర్చోమని అక్కడ ఎవరూ అనలేదు.

తరువాత ఆ అర్రలో కంప్యూటరు మీద కప్పిన గుడ్డ అలాగే ఉండిపోయింది. దసరాకు మాత్రం గుడ్డ తీసి, ఆమె చేసినట్టే తెరకు పైన కుంకుమ బొట్టు పెట్టాడు. అప్పుడే దాన్ని ఒకసారి తెరిచి చూశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో పేర్ల వరుస వచ్చింది. కొమురవ్వ, ముత్యం, సీతాబాయి... ఏదీ తెరవకుండానే మూసేశాడు. ఉన్నాయిగదా, తరువాత చదవవచ్చు అనుకున్నాడు.

చలికాలం వచ్చేసరికి ఊరంతా ఒకటే మాట. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట. బ్యాంకులో విన్నాడు, చాయ్ దుకాణంలో విన్నాడు. ఆగిపోతే లోపలున్న పేర్లేమవుతాయి? తన దగ్గర టైపింగు నేర్చుకుని, బాలలక్ష్మిని అక్కా అని పిలుస్తూ తిరిగి, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టిన కైలాసం దగ్గరకు పోయాడు.

"పాతదుంటె కష్టమే సార్," అన్నాడు కైలాసం. "మీది విండోస్ తొంభై ఐదు. తొంభై ఎనిమిది ఎక్కిద్దాం. ఫికరుండది."

"ఎక్కిస్తె మీ అక్క రాసినయి పోతయారా?"

"ఒక్కటి పోదు. ఇగో, గిది రెండర్రల ఇల్లనుకోండ్రి. విండోసుండేది ముందటి అర్ర. మీ ఫైళ్లన్ని వెనుక అర్రలకు జరుపుత. ముందటిది కూలగొట్టి మల్ల కడుత. వెనుక అర్రలున్న సామానుకు ఏమైతది?"

"ఫ్లాపీలల్ల గూడ తియ్యి."

"నమ్మకం లేదా సార్?"

"నీ మీద ఉన్నది. దానిమీదనే లేదు."

కైలాసం నవ్వి, ఫ్లాపీల్లోకి కూడా తీశాడు. అన్న మాట ప్రకారమే అన్నీ చేశాడు. సాయంత్రానికి తెర మీద కొత్త రంగులు వచ్చాయి. "ఒక్కటి తెరువుండ్రి సార్, మీకే దిల్ కుదురుతది," అన్నాడు.

రాజం సారు కొమురవ్వ పేరు మీద నొక్కాడు.

తెర నిండా ఏదో పరుచుకుంది. నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, తలకిందులైన ప్రశ్న గుర్తులు, సగం, పావు అని రాసే భిన్నాలు. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ముత్యం తెరిస్తే అదే. సీతాబాయి తెరిస్తే అదే. ఫ్లాపీలో చూసినా అదే.

కైలాసం కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. చాలాసేపు అటూ ఇటూ వెతికి, చివరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సార్, ఫైళ్లు ఏం కాలే. అక్షరం అక్షరం ఉన్నయి. గని మిషన్ల ఉండేది అక్షరాల నంబరే. దానికి తెలుగు మొకం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు ముందటి అర్రల ఉండె. సామానంత వెనుకకు జరిపిన, తాళంచెవి ముందటి అర్రలనే ఇడిసిపెట్టి కూలగొట్టిన సార్."

స్కేలు పడుతుందేమోనన్నట్టు కైలాసం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఏజెంటు ఇచ్చిన పాత ఫ్లాపీ అలమరలో దొరికింది కానీ లోపల తెల్లగా బూజు పట్టి ఉంది. హైదరాబాదు నంబరుకు ఫోన్ చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు పదే పదే చెప్పింది. కైలాసం తన దగ్గరున్న ఇంకో తెలుగు ఫాంటు తెచ్చి ఎక్కించాడు. ఈసారి తెర మీద తెలుగు అక్షరాలే వచ్చాయి, మాట మాత్రం ఒక్కటీ రాలేదు. నాలుక తిరగని అక్షరాల కుప్ప అది. దానికంటే ఆ భిన్నాలే నయమనిపించింది.

సుల్తానాబాద్‌లో లీలాబాయి గుర్తుకొచ్చింది. పాత దొరల ఇంటి కోడలు. కాలక్షేపానికని బాలలక్ష్మి దగ్గర పని నేర్చుకుని, అదే ఫాంటు తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకున్న మనిషి. బస్సెక్కి పోయాడు.

"అయ్యో సారూ, దసరాకు ముందే మావాళ్లు పాతదిచ్చి కొత్తది తెచ్చిరి," అంది లీలాబాయి. చాయ్ తెప్పించింది. కప్పు చేతికిచ్చి, "మా అత్తమ్మ సీతాబాయి పోయినప్పుడు బాలమ్మ ఏదో రాసుకున్నది. చదివి ఇనిపిస్తనన్నది, నేనే తీరిక లేదన్న. ఏం రాసిందో మీకెరుకనా?" అని అడిగింది.

రాజం సారు దాన్ని ఒకసారి విన్నవాడే. నిజంగానే బాలలక్ష్మి చదివి వినిపించింది. అప్పుడు ఆయన కునుకుతున్నాడు.

"యాదికి లేదమ్మా," అన్నాడు.

"కార్డుంటె దాన్ని మిషన్ల దాని ఫైలు పక్కన వెట్టి చూసేది, రెండు చోట్ల ఒక్క తీరు మాటలే గద. గని చావు కార్డు ఎవలింట్ల ఉంటది?" అని లీలాబాయి తనలో తాను అనుకున్నట్టు అంది.

తిరుగు బస్సులో ఆ మాటే ఆయన చెవిలో మోగుతూ వచ్చింది. చావు కార్డు ఉండదు. మరి పెండ్లి కార్డు?

ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి పోయాడు. అరల మీద డబ్బాల కింద బాలలక్ష్మి ఎప్పుడూ కాగితాలు పరిచేది. పేపరు కొని పరిచేంత దుబారా మనిషి కాదు. తప్పులు పడిన పెండ్లి కార్డుల ప్రూఫులే పరిచేది. ఉప్పు డబ్బా జరిపాడు. చింతపండు డబ్బా జరిపాడు. కిందనుంచి పసుపు మరకలతో, నూనె చుక్కలతో, ఎవరెవరివో వధూవరుల పేర్లు బయటపడ్డాయి. డబ్బాలన్నీ నేల మీదికి దించి, కాగితాలు ఒక్కొక్కటిగా పీకి తీసుకుని ముందటి అర్రలోకి వచ్చాడు. ఆ పూట అన్నం వండలేదు.

పెండ్లి కార్డుల ఫైళ్లు కూడా వెనుక అర్రలో భద్రంగానే ఉన్నాయి. కార్డు మీద 'శ్రీరస్తు' అని ఉన్నచోట తెర మీద ఏముందో చూశాడు. 'చిరంజీవి' ఉన్నచోట చూశాడు. ఫలానా గుర్తు 'ర' అన్నమాట. నెత్తిన రెండు చుక్కలున్నది 'చి' మీది గుడి. టైపింగు సారుకు అక్షరాన్ని ముక్కలుగా చూడటం కొత్త కాదు. తెలుగు మిషను మీద తలకట్టు వేరే, వత్తు వేరే కొట్టినవాడే. అయినా చూడకుండానే కీల మీద వేళ్లు పరిగెత్తించిన మనిషి, ఇప్పుడు ఒకటో తరగతి పిల్లవాడిలా తెర మీద వేలు పెట్టి కూడబలుక్కోవాల్సి వచ్చింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. రాజం సారు తెలుసుకోనూ లేదు. బయటి మనుషులతో మాటలు తగ్గాయి. కైలాసం వచ్చి తలుపు కొడితే, "మల్ల రారా" అని లోపలినుంచే అనేవాడు.

మొదట చదవగలిగింది కొమురవ్వను. "కొమురవ్వకు బస్సంటే భయం. ఏములాడ గుడికి నడిచే పోయేది. 'దున్నపోతునైతె ముకుతాడు గుంజి ఆపొచ్చు, దీన్నెట్ల ఆపుడు' అనేది." ఆ తరువాత ముత్యం. "మస్కట్ల ఒంటెలు కాసి వచ్చిండు. ఊళ్లె బర్రెలను గూడ అరబ్బీలనే అదిలించేటోడు. అవి గూడ ఇనేటియి." చదువుతూ రాజం సారు ఒక్కడే పకపకా నవ్వాడు. నవ్వి పక్కకు చూశాడు. పక్కన కుర్చీలో పసుపు మరకల కాగితాలున్నాయి.

సీతాబాయిది చదవడం పూర్తయిన రోజున సుల్తానాబాద్‌కు ఫోన్ చేశాడు. "ఇనుండ్రి లీలాబాయమ్మా. 'సీతాబాయి దొరసాని చాటుగ బీడీ తాగేది. వాసన రావద్దని ఊదుబత్తి ముట్టించేది. ఊదుబత్తి వాసనొస్తె దొరసాని బీడీ ముట్టించిందని వాకిట్ల అందరికెరుకే.'"

అవతల లీలాబాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఔ సారూ, ఔ! గా ఊదుబత్తి!" అంది. నవ్వు మెల్లగా తడిసింది. "మరి బాలమ్మ గురించి ఎవలు రాసిండ్రు సారూ?" అని అడిగింది.

ఫోన్ పెట్టేసి ఆయన తెర ముందు కూర్చున్నాడు. పేర్ల వరుస పైనుంచి కిందికి చూశాడు. ఆ పేరు లేదు.

మరునాడు కైలాసం వచ్చేసరికి తలుపు తీసే ఉంది. రాజం సారు తెర మీద గుర్తులను ఒక్కొక్కటిగా మౌసుతో నల్లచేసి, నకలెత్తి, ఇంకో ఫైల్లో దించుతున్నాడు. కైలాసం వంగి చూశాడు. ఆ భిన్నాలే, ఆ చుక్కలే.

"ఏం జేస్తుండ్రు సార్?"

"రాస్తున్న."

"కొట్టొచ్చు గద సార్."

"ఫాంటు తోని పాటు కొట్టే తీరు గూడ పాయె. ఏ కీ కొట్టినా ఇంగ్లీషే వస్తున్నది. అందుకే మీ అక్క కొట్టినయే ఏరుకొస్తున్న. ఈ 'బా' పెండ్లి కార్డులది. ఈ 'ల' ముత్యంది."

కైలాసం మెల్లగా, "నేనిచ్చిన కొత్త ఫాంటుల రాస్తె అందరికి చదవొస్తది సార్. గీ తీరు రాస్తె మీకు తప్ప ఎవలకొస్తది?" అన్నాడు.

"వాళ్లది వస్తదారా?" అని తెర మీద పేర్ల వరుస చూపించాడు రాజం సారు. "కొమురవ్వది, ముత్యంది, దొరసానిది? రాదు గద. ఎన్నడన్న ఆ ఫాంటు దొరికిననాడు అందరు ఒక్కసారే లేస్తరు. మీ అక్క ఒక్కతే వేరే అర్రల ఎందుకుండాలె?"

కైలాసం పసుపు కాగితాలు తీసి కింద పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నాడు. "అక్క నవ్వితె ఎట్ల నవ్వేది సార్?" అన్నాడు.

ఆ ప్రశ్న తనను ఎవరైనా అడుగుతారని రాజం సారు అనుకోలేదు. నిన్నటినుంచి తనను తానే ప్రశ్నించుకుని, పొద్దుటికి జవాబు కనుక్కున్నాడు.

"నవ్వు ముందొచ్చేదిరా, మాట వెనుకొచ్చేది. ఏదన్న జోకు చెప్పవోతె సగంల తనే నవ్వేది. ఇన్నేండ్లల్ల ఒక్క జోకు పూర్తిగ ఇనలే నేను."

అదే వాక్యం తెర మీద తయారవుతోంది. 'న' దొరికింది. 'వ' దొరికింది. దాని కింద 'వ' వత్తు కావాలి. కార్డులన్నీ తిరగేశాడు, పెండ్లి మాటల్లో ఎక్కడా కనబడలేదు. కాసేపు ఆలోచించి కొమురవ్వ ఫైలు తెరిచాడు. ఆమె పేరులోనే ఉంది. దాన్ని ఒక్కదాన్నే నల్లచేసి, జాగ్రత్తగా ఎత్తుకొచ్చి, బాలలక్ష్మి నవ్వు కింద పెట్టాడు.