పిలవని అతిథి కంచం

స్కార్‌బరోలో బస్సు దిగి నడుస్తుంటే పోలిష్ షాపులోంచి గసగసాల రొట్టె వాసన వచ్చింది. నాన్నల ఉద్యోగాల వెంట పరాయి ఊళ్ళలో పెరిగిన నా ఈడువాళ్ళకి, ఒక వాసన ఎంత వెనక్కి లాక్కెళ్తుందో అర్థమవుతుంది.

నా చిన్నప్పుడు మేము పోలండ్‌లో, క్రాకోవ్‌లో ఉండేవాళ్ళం. ఏడాది పొడవునా పండుగలే. చలికాలం పోవాలని గడ్డిబొమ్మను నదిలో ముంచేవారు. ఈస్టర్ మర్నాడు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకునేవారు. నన్నూ తడిపేవారు, మురిసిపోయేదాన్ని. వీధిలో జరిగే ప్రతి పండుగలోనూ నేనున్నాను.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, పిలవని అతిథి కోసం ప్రతి ఇంట్లో ఒక కంచం ఎక్కువ పెడతారని టీచర్ చెప్పింది. నమ్మాను.

"పిలవని పేరంటానికి వెళ్తారుటే?" అని అమ్మ అంటున్నా వినకుండా ఆ సాయంత్రం ఎదురింటి తలుపు కొట్టాను. తలుపు తీసిన ఆంటీ వెనక, బల్ల మీద ఆ ఖాళీ కంచం కనిపిస్తూనే ఉంది.

"రేపు రామ్మా. ఇవాళ ఇంట్లోవాళ్ళం మాత్రమే" అని, గసగసాల రొట్టె ముక్క నా చేతిలో పెట్టి తలుపేసింది.

ఇవాళ షాపులోకి వెళ్తే అక్కడి అమ్మాయి ఆ రొట్టె ముక్క చూపించి, "టేస్ట్ చేస్తారా?" అని ఇంగ్లీషులో అడిగింది. వద్దన్నాను. దాని రుచి నాకు తెలుసు. ఆ రోజు గడప బయట నిలబడి తిన్నాను.