రెప్ప వేయని పిల్ల

డెబ్బయ్యో దశకం చివర్లో మా ఫ్యాక్టరీ క్వార్టర్స్ క్లబ్బుకి టీవీ వచ్చింది. ఆదివారం సాయంత్రం ఒక ఇంగ్లీషు సస్పెన్స్ సీరియల్ వేసేవాళ్ళు. అందులో తెల్ల గౌను పిల్ల ఒకతి ఉండేది. కోపమొస్తే ఎదుటివాళ్ళను రెప్ప వేయకుండా చూసేది. ఇక వాళ్ళు మెట్ల మీంచి దొర్లడమో, మంచాన పడటమో జరిగేది. మాటలు మాలో ఎవరికీ అర్థమయ్యేవి కావు. చూపు మాత్రం అందరికీ అర్థమైంది.

నా ఖర్మ, నావి పిల్లి కళ్ళు. నాన్నమ్మ పోలిక. మా ఊరు వెలిమెలలో ముద్దు చేసిన ఆ కళ్ళే, పటాన్‌చెరు దగ్గర క్వార్టర్‌కి చేరాక నలుగురి నోళ్ళలో పడ్డాయి.

పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆవిడను అత్తయ్యగారు అనేదాన్ని. బడి నుంచి రాగానే వాళ్ళ చంటిదాన్ని చంకనేసుకునేదాన్ని. అది నా భుజం మీదే నిద్రపోయేది. అదంటే నాకు ప్రాణం.

ఒకరోజు దానికి జ్వరం తగిలింది. అత్తయ్యగారు ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసి, పెరట్లో నిప్పుల మీద వేశారు. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు. అమ్మా నేనూ గోడ ఇవతల నిలబడి చూస్తున్నాం. ఎవరికీ ఘాటు రాలేదు.

ఎలా వస్తుంది? రోడ్డవతల మందుల కంపెనీ పొగ పొద్దస్తమానం పీల్చి మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారాయి. పొయ్యి మీద పప్పు మాడినా చూస్తే తప్ప తెలిసేది కాదు. ఆ సంగతి ఆ పూట ఒక్కరికీ గుర్తు రాలేదు.

"ఏమీ అనుకోకండి, అచ్చం ఆ టీవీలో పిల్లలాగే చూస్తుంది మీ అమ్మాయి. కొన్నాళ్ళు మా ఇంటికి పంపకండి," అన్నారు అత్తయ్యగారు.

"గదేంది వదినా, చిన్న పోరి. దానికేం ఎరుక," అంది అమ్మ.

అమ్మ అప్పటికి కడుపుతో ఉంది. నా తల మీద చెయ్యి వేసి ఇంట్లోకి తీసుకొచ్చింది. అమ్మ నా పక్షాన ఉంది, నాకది చాలనుకున్నాను.

చంటిదాని జ్వరం తగ్గింది. నా మీద పడ్డ మాట తగ్గలేదు. నల్లా దగ్గర నన్ను చూసి ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కునేవాళ్ళు. మగవాళ్ళయినా వద్దనలేదు. ఫ్యాక్టరీలో ప్రెషర్ చూపించే గేజీ ముల్లు వణికితే మిషన్ ఆపి కారణం వెతికేవాళ్ళు వాళ్ళంతా. ఒక పిల్ల మీద నింద వేయడానికి వాళ్ళకు ఏ కారణమూ అక్కర్లేకపోయింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నిజంగా ఆ శక్తి ఉంటే బాగుండుననుకున్నాను. ఒకరోజు నల్లా దగ్గర అత్తయ్యగారి బిందెను, చిల్లు పడాలని, రెప్ప వేయకుండా చూశాను. బిందె నిక్షేపంగా ఉంది. నా కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

చలికాలంలో తమ్ముడు పుట్టాడు. బడి వదలగానే పరుగెత్తుకుంటూ వచ్చాను. అమ్మ మంచం మీద కూర్చుని వాడికి పాలిస్తోంది. నన్ను చూసి నవ్వింది. నవ్వుతూనే వాడి ముఖం మీదికి కొంగు లాగి గోడవైపు తిరిగింది.

"జెర బయట కూసో బిడ్డా, వాడు పాలు తాగేదాంక."

వెళ్ళి గడప బయట కూర్చున్నాను. లోపల వాడు చప్పరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అమ్మ పిలిచేదాకా నేను కళ్ళు తెరవలేదు.