నిప్పు లేని పొయ్యికి పాలరాతి సోకులు

మొన్న చలికాలంలో మా చెల్లెలి కూతురు, వాళ్ళ మామా ఊళ్ళో లేదు, వచ్చి పొమ్మని ఫోను చేస్తే, హవల్లీలో బస్సెక్కి ఆ పిల్ల పనిచేసే ఇంటికి వెళ్ళాను. ఈ అరబ్బు దేశంలో ఇళ్ళల్లో పనిచేసే మేము ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తాం. వెళ్ళేసరికి ఆ పిల్ల హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో మంటను తుడుస్తోంది. నా కళ్ళకే ఏదో అయిందనుకుని దగ్గరికి పోయి చూశాను. నిజంగానే మంటను తుడుస్తోంది. గోడలో ఒక గూడు, గూడు చుట్టూ రాయిలా కనబడే థర్మోకోలు దిమ్మెలు, వాటి అంచులకు బంగారు రంగు పట్టీలు, లోపల ప్లాస్టిక్ కట్టెలు, కట్టెల వెనక అద్దంలో ఎర్రగా ఆడుతున్న బొమ్మ మంట, చాలదన్నట్టు చిటపటమని చప్పుడు కూడా.

"ఈ బటన్ నొక్కితే సప్పుడు ఇంగా పెద్దదయితాది, సూడు పెద్దమ్మా" అని ఎంతో మురిసిపోతూ నొక్కి చూపించింది. నేను చలికి కొంకర్లు పోయిన చేతులు చాపాను. చల్లటి అద్దం తగిలింది. ఇంత అసహ్యమైన వస్తువుకు ఇంత సింగారమా అని చాయ్ కూడా తాగబుద్ధి కాలేదు. తాగాననుకోండి, అది వేరే సంగతి.

నా వయసువాళ్ళకు పొయ్యి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రాయచోటి పక్క మా ఊళ్ళో శుక్రవారం తెల్లవారేసరికి పొయ్యిలో బూడిద ఎత్తి, చుట్టూ గట్టుకు ఎర్రమన్ను అలికి, తడి ఆరీ ఆరకముందే బియ్యప్పిండితో నాలుగు గీతలు లాగకపోతే ఆ ఇంటి ఆడదాని గురించి వీధంతా చెప్పుకునేది. నేను బడి మొహం చూసినదాన్ని కాను. అక్షరాలు తల నెరిశాక ఈ దేశంలోనే, సెలవు రోజుల్లో, గదిలో తోటి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. పొయ్యి అలకడం మాత్రం నడకతో పాటే వచ్చింది.

ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో నేను కుదిరిన ఇంట్లో ఒక ముసలామె, ఆమె కొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు ఉండేవాళ్ళు. ముసలామెను అందరూ పెద్ద మామా అనేవాళ్ళు. ఆమె గది ఒకప్పుడు ఆమె భర్త మగవాళ్ళను కూర్చోబెట్టుకున్న దీవానియా అట. ఆయన పోయిన తర్వాత కొడుకు తన స్నేహితులకు వేరే హాలు కట్టించుకున్నాడు, పాత గది ఈమెకు మిగిలింది. దాంట్లో ఒక మూల నేలలోకి దిగిన చదరపు పొయ్యి, దాని వెనక గోడకు చెక్కుడు పనిచేసిన తెల్లటి గచ్చు, గచ్చులో అరలు, అరల్లో ముక్కులు సాగిన ఇత్తడి కాఫీ కూజాలు, పైన పొగ పోవడానికి గొట్టం ఉండేవి. వజార్ అంటారు దాన్ని. చలికాలం వచ్చిందంటే ఆ మూల బొగ్గులు రాజేసి, బూడిదలో కూజాలు ఆనించి, ముసలామె పొద్దుగూకేదాకా అక్కడినుంచి లేచేది కాదు.

ఆ గచ్చంతా పొగచూరి నల్లగా ఉండేది. మొదటి చలికాలంలో కోడలు వచ్చి ముక్కు మూసుకుని, ఆ గోడ మీద నలుపు నాకు కనబడకూడదు, శుభ్రం చెయ్యి అని చెప్పి పోయింది. బ్రష్షు పెట్టి రుద్దాలనీ, మందునీళ్ళు పొయ్యాలనీ ఆమె ఉద్దేశం. పొయ్యిని శుభ్రం చెయ్యడమంటే నాకు తెలిసింది ఒకటే. తోటమాలి పూలకుండీల కోసం పెట్టుకున్న ఎర్రమన్ను ఒక బకెట్టు తెచ్చి, నానబెట్టి, ఆ చెక్కుడు గచ్చునంతా పైనుంచి కిందికి నున్నగా అలికేశాను. పైన పిండితో గళ్ళు వేసి, మూలమూలకూ ఒక పువ్వు పెట్టాను. నల్లబడ్డ గోడ పెళ్ళికూతురిలా ఎర్రగా నిలబడింది. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపల ఇల్లంతా అక్కడ చేరింది. కోడలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. పెద్ద మామా వంగి, ఆ మట్టిని వేలితో గీకి వాసన చూసింది.

"దీంట్లో పేడ కలిపినావా, బింతీ?" అని అడిగింది. బింతీ అంటే కూతురా అని.

"ఈ దేశంలో పేడ యాడ దొరుకుతాది మామా" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

ఆమె పగలబడి నవ్వింది. వాళ్ళమ్మ ఇంట్లో, ఈ అద్దాల మేడలూ పాలరాళ్ళూ రాకముందు సముద్రం ఒడ్డున ఉన్న మట్టి ఇంట్లో, వాన పడితే గోడలు ఇలాగే వాసన వేసేవట. మట్టిని కడగనివ్వలేదు. ఆ రోజు నుంచి చలికాలంలో వారం వారం ఆ పొయ్యిని అలకడం నా పని. వేడికి పెచ్చులు లేచిన చోట మళ్ళీ పూసేదాన్ని. కోడలు మాత్రం ఆ గది గడప తొక్కితే పైబట్ట ఎత్తి పట్టుకునేది.

ఆ పొయ్యి దగ్గరికి వచ్చే ముసలమ్మలను నేను ఈ జన్మకు మరిచిపోను. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాల్లో, మోకాళ్ళు పట్టుకుని, డ్రైవర్ల భుజాల మీద చేతులు వేసి దిగేవాళ్ళు. దిగేటప్పుడు రేపో మాపో అన్నట్టుండేవాళ్ళు, నిప్పు ముందు అర్ధచంద్రంలా కూర్చున్నాక పదహారేళ్ళ పిల్లలయ్యేవాళ్ళు. కోడళ్ళను తిట్టుకోవడం, పోయిన మొగుళ్ళను ఇంకా ఎక్కువ తిట్టుకోవడం, ఒకరి కాఫీకి ఒకరు వంకలు పెట్టడం. పళ్ళన్నీ ఊడిన ఒకామె, పెద్ద మామా చిన్ననాటి నేస్తురాలు, నీ కాఫీలో యాలకులు చూసి నీ పిసినారితనం తెలుసుకోవచ్చు అని వచ్చిన ప్రతిసారీ అనేది, వచ్చిన ప్రతిసారీ అందరికంటే ఎక్కువ తాగేది. బొగ్గులు ఎగదొయ్యడానికి నేను అక్కడే ఉండాలి కాబట్టి నన్నూ కూర్చోమనేవాళ్ళు. నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో నేల మీద నేనూ, నేల మీదే వాళ్ళూ. ఆ కాస్త పొద్దు నాకు ఇంటిమీద బెంగ ఉండేది కాదు.

కొన్నేళ్ళకు కొడుకు కొత్త ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. పాత ఇంటిని పడగొట్టేస్తారని తెలిసినప్పుడు పెద్ద మామా ఒక్కటే అడిగింది. నాకు మంచం ఎక్కడ వేసినా సరే, కిటికీ లేకపోయినా సరే, నా పొయ్యి మాత్రం కావాలి, నా వాళ్ళు వచ్చేది దానికోసమే అంది. కొడుకు ఆమె నుదురు ముద్దు పెట్టుకుని, ఇంతకంటే గొప్పది కట్టిస్తాను చూడమ్మా అన్నాడు. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను, నాకూ బుద్ధి ఉండాల్సింది.

అక్కడ మొదలైంది ఆ దరిద్రం. ఇంటి సోకులు చూసే ఒక పిల్లను కోడలు ఎక్కడినుంచో తెచ్చింది. ఆ పిల్ల రాళ్ళ ముక్కలు అతికించిన అట్టలు చంకన పెట్టుకుని రావడం, కోడలు ఫోనులో బొమ్మలు చూపించడం, ఇద్దరూ ఆ గోడ ముందు నిలబడి తలలు వంచి చూడడం, కట్టింది పీకించడం, మళ్ళీ కట్టించడం. మిగిలిన ఇల్లంతా తయారయినా ఆ మూల ఒక్కటి తయారు కాలేదు. పరదేశం నుంచి తెప్పించిన పాలరాయి అట, దాని నరాలు ఒకవైపుకే వాలాలట. ముసలామె కూజాలను అడిగి తీసుకున్నారు. ఆమె తన చేతులతో గుడ్డల్లో చుట్టి ఇచ్చింది. వాటిని అరల్లో నిలబెట్టి, జరగకుండా అడుగున గమ్ము వేసి అతికించేశారు. అన్నిటికంటే నా ఒళ్ళు మండింది చివరి రోజు. పెయింటరు ఒకడు నిచ్చెనెక్కి, సన్న కుంచెతో, ఆ తెల్లటి రాయి మీద నల్లటి మసి వేస్తున్నాడు. పాత పొయ్యిలా కనబడాలట. నిజమైన మసిని చూసి ముక్కు మూసుకున్న మనిషే కింద నిలబడి, ఇంకొంచెం ఇటు, ఇంకొంచెం అటు అని చెప్పి మసి పూయిస్తోంది. ఈ దేశంలో ఉండడానికి కావలసిన నా ఇఖామా కాగితం వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను, లేకపోతే ఆ నిచ్చెన తన్నేదాన్ని.

గృహప్రవేశం అయిన వారానికి పెద్ద మామా తన వాళ్ళనందరినీ పిలిచింది. వాళ్ళు రాకముందే బొగ్గుల సంచీ నా చేత మోయించుకుని ఆ పొయ్యి ముందుకు వచ్చి నిలబడింది. లోపల గాజుపలక. పైకి చూసింది, పొగగొట్టం లేదు. కోడలు వచ్చి రిమోట్ నొక్కగానే పలక వెనక ఎర్ర వెలుతురు ఆడింది, అడుగునుంచి కొంచెం వేడిగాలి తగిలింది. ముసలామె ఆ వెలుతురును చాలాసేపు చూసి నావైపు తిరిగింది.

"ఇది నిప్పేనా, బింతీ? దీన్ని చూపించి నేను మనుషుల్ని ఎట్లా పిలిచేది?" అంది.

సామాన్ల గదిలో వెతికితే ఇనప కుంపటి ఒకటి దొరికింది. ఆమె పెట్టమంది, నేను పెట్టాను. ఆ పాలరాతి ముందరే బొగ్గులు రాజేసి, మామూలు గిన్నెలోనే కాఫీ కాచాను. ముసలమ్మలు వచ్చి, అలవాటు ప్రకారం నేల మీద అర్ధచంద్రంలా సర్దుకుని, పళ్ళులేనామె యాలకుల మాట ఎత్తుకునేసరికి ఇల్లు అదిరిపోయేలా గంట మోగింది. పొగ తగిలితే కూసే గంటను సీలింగులో దాచారట. ముసలమ్మలు చెవులు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు. ఇంతలో డ్రైవరు, మా రాయచోటి పిల్లవాడే, ఎర్ర సిలిండరు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి, నిప్పు మీదా, కాఫీ మీదా, ముసలమ్మల నల్లటి అబాయాల మీదా తెల్లటి పొడి కుమ్మరించేశాడు. గంట ఆగాక చూస్తే అందరూ పిండిలో దొర్లినట్టున్నారు. నేను వాడి చొక్కా పట్టుకుని అడిగితే, "గంట మోగితే ఆర్పమన్నారు, ఆర్పినా అక్కా. ఎవురు కూసున్నారో సూడమని సెప్పలేదు" అన్నాడు. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు నవ్వింది కోడలి కూతురు ఒక్కతే, ఫోనులో వీడియో తీస్తూ.

పాలరాతి అంచు ఒకచోట పసుపురంగుకు తిరిగింది. సాయంత్రం కొడుకు వచ్చేసరికి కోడలు ఆ మరక చూపించి, ఇక ఇంట్లో బొగ్గు కనబడితే నన్ను ఊరికి పంపించేస్తానంది. ఆ మాట నన్ను అన్నదే గాని తగలాల్సింది ఎవరికో అందరికీ తెలుసు. పెద్ద మామా గొడవ పడలేదు. ఇంట్లో వద్దులే, పెరట్లో డ్రైవరు గది పక్కన ఒక మూల ఇవ్వు, రేకు వేయించు, అక్కడ కూర్చుంటాను అని కొడుకును అడిగింది. అతను ఇన్షా అల్లా అన్నాడు. ఆ మాటను దేవుడి మీద నమ్మకంతో అనేవాళ్ళను ఈ దేశంలో ఎంతోమందిని చూసి దండం పెట్టుకున్నాను. ఫోనులోంచి తల ఎత్తకుండా అన్నవాణ్ణి ఆ రోజు చూశాను. ఆ పెరట్లో తర్వాత కార్ల కోసం షెడ్డు వేశారు.

ముసలమ్మలు ఇంకో రెండుసార్లు వచ్చారు. సోఫాలు గోడలకు ఆనించి దూరదూరంగా వేసి ఉండేవి. ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. కాఫీ వంటింట్లోంచి ఫ్లాస్కులో వచ్చేది. వచ్చినవాళ్ళందరూ రాయి బాగుందని మెచ్చుకుని, తొందరగా లేచి పోయేవాళ్ళు. తర్వాత ఒకరి మోకాలు, ఒకరి బీపీ, ఒకరి డ్రైవరు సెలవు. చివరికి పళ్ళులేనామె ఒక్కతే వస్తుండేది. ఆమె వచ్చినప్పుడు కోడలు మర్యాదకు రిమోట్ నొక్కి పోయేది. పెద్ద మామా తన కుర్చీని దానికి వీపు పెట్టి తిప్పుకునేది. ఇద్దరూ వీధి తలుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు.

మరుసటి చలికాలం ఆమె చూడలేదు. పరామర్శ జరిగిన మూడు రోజులూ ఆ హాలు కిటకిటలాడింది. మోకాళ్ళు నొప్పులన్నవాళ్ళు వచ్చారు, బీపీ అన్నవాళ్ళు వచ్చారు, డ్రైవరు లేడన్నవాళ్ళు టాక్సీలో వచ్చారు. ఆమె ఎవరికోసం ఎదురుచూసిందో వాళ్ళంతా వరసగా గోడలకు ఆని కూర్చున్నారు. నేను ట్రేతో తిరుగుతుంటే పళ్ళులేనామె నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆమె పిలిస్తే రాలేదు, ఇప్పుడు ఎవరూ పిలవకుండానే వచ్చాం చూడు అంది. నేను ఆమె చెయ్యి విడిపించుకుని పక్కామెకు కాఫీ ఇచ్చాను.

ఇప్పుడు నేనుండే గదిలో నలుగురం ఆడవాళ్ళం. చలికి కరెంటు హీటరు ఉంది, మంచానికి ఒక దుప్పటి కాదు, రెండున్నాయి. పని నుంచి వచ్చి తలా ఒక గోడ వైపు తిరిగి ఫోను పట్టుకుంటాం. ఎవరికీ ఏ లోటూ లేదు. ఊరికి ఫోను చేస్తే అక్కడా అంతే, తలుపులు వేసుకుని వెచ్చగా పడుకున్నామంటారు. చలి కాగుదాం రమ్మని మనిషిని మనిషి పిలిచే కాలం మన ఈడువాళ్ళతోనే ముగిసిపోయింది. ఇప్పుడు ఎవరి ఒంటికీ చలి లేదు, అందుకని ఎవరికీ ఎవరితో పని లేదు.