మాటలందించే ఇలారియో బాబాయ్

ఎదుటివాడు మాట మొదలుపెడితే దాన్ని పూర్తిచేసే పూచీ తనదేనని ఇలారియో బాబాయ్ నమ్మకం. "ఇవాళ ఎండ..." అని మనం అనడం ఆలస్యం, "మండిపోతోంది!" అని అందించేసేవాడు. ఎండ తగ్గిందని చెప్పబోయినవాడు కూడా నోరు మూసుకుని చెమట తుడుచుకోవలసిందే.

తప్పు ఆయనది కాదు, ఆయన చేసే పనిది. మా ఊళ్ళో ఏటా రైతుల్ని కాచే పునీతుడు సాన్ ఇసిద్రో పండక్కి చర్చి ముందు వెదురు వేదిక కట్టి మూడు రోజులపాటు నాటకం ఆడేవాళ్ళం. ఒకవైపు క్రైస్తవ రాజు, మరోవైపు మూరులనే ముస్లింల సుల్తాను, మధ్యలో యువరాజు మీద మనసుపడ్డ సుల్తాను కూతురు. చివరికి సుల్తాను ఓడిపోవాలి, లేకపోతే ఫాదర్‌గారు నాటకానికి అనుమతి ముద్ర వెయ్యరు. ఆ సుల్తాను కూతురిని నేనే. ఇప్పుడు నా నడుము చూసి నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు.

పొలం పనులు చేసుకునే మాకు అన్ని పద్యాలు ఎక్కడ నోటికొస్తాయి? అందుకని వేదిక కింద గూట్లో కూర్చుని ఇలారియో బాబాయ్ ఒక్కో పాదం చెప్పేవాడు, మేము చేతులూపుతూ దాన్నే రాగం తీసేవాళ్ళం. మిగతా ఊళ్ళలో ఈ పని గుసగుసగా చేస్తారు. మా బాబాయ్ అరిచేవాడు. ఊరి పక్క సరస్సులో చేపలు పట్టుకునేవాళ్ళు కూడా పడవలు ఆపుకుని కథ వినేవాళ్ళు.

"మన నాటకమే నయం, ప్రతి మాటా రెండుసార్లు వినొచ్చు. ముందు పాతాళంలోంచి, తర్వాత రాజుగారి నోట్లోంచి," అనేది బిబింకాలనే బియ్యప్పిండి రొట్టెలు కాల్చి అమ్మే పసెన్సియా అత్త.

గూట్లోంచి బయటికొచ్చినా ఆయన ఊరుకోడు కదా! ఒక పెళ్ళిలో "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని ఫాదర్‌గారు అడిగితే పెళ్ళికొడుకు సిగ్గుతో ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే, వెనక బెంచీలోంచి "స్వీకరిస్తాననరా!" అని కేక. ఫాదర్‌గారు కళ్ళజోడు సర్దుకుని, "పెళ్ళి ఎవరికి నాయనా?" అన్నారు.

నా సంగతీ అంతే. పౌలీనో మా కిటికీ కిందికి గిటారుతో వచ్చాడు. నాటకంలో యువరాజు వాడే. "సబీనా, నీ కళ్ళు..." అని ఆగిపోయాడు. అరటి చెట్ల వెనక నుంచి "నన్ను నిద్రపోనివ్వడం లేదు!" అని వినిపించింది.

"మాట బాగుంది బాబాయ్! మరి నిన్నే చేసుకోమంటావా?" అన్నాను.

"ఛ ఛ, వాణ్ణే చేసుకో తల్లీ. మాటలు నేనందిస్తాను."

అలాగే చేసుకున్నాను. మాటలు మాత్రం ఇప్పటికీ నేనే అందించుకోవాల్సి వస్తోంది.

అసలు గొడవ చీమతో వచ్చింది. మా రాజు వేషం తిబుర్సియో పెద్దయ్యది. కలరా వచ్చిన ఏడు ఆయన కూతురు చావు తప్పి బతికి బట్టకట్టింది. కాళ్ళు నిలబడినన్నాళ్ళూ ప్రతి పండక్కీ రాజు వేషం కడతానని ఆయన సాన్ ఇసిద్రోకి మొక్కుకున్నాడు. ఆ ఏడాది ఆయన కత్తి ఎత్తి సుల్తాను సైన్యాన్ని సవాలు చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గూట్లో బాబాయిని ఎర్రచీమ కుట్టింది.

"అబ్బా, చీమ!"

పెద్దయ్య కత్తి ఇంకా పైకెత్తి, అదే గంభీరమైన రాగంలో "అబ్బా... చీమ!" అన్నాడు. సుల్తాను ఏం జవాబివ్వాలో తెలియక సైన్యంతో సహా వెనక్కి తగ్గాడు. జనం కిందపడి దొర్లారు.

పండగ పెద్ద అనక్లేతో దొరగారికి మాత్రం నవ్వు రాలేదు. "మనిలా పట్నం నుంచి వచ్చినవాళ్ళ ముందు పరువు తీశారు! వచ్చే ఏడు రాజు నోట ఒక్క మాట తప్పినా, ఆ వేషం మా అల్లుడికి. ఇలారియో, నువ్వు కాస్త మెల్లిగా చెప్పి ఏడువు!"

"మెల్లిగా చెప్పడం నాకు చేతకాదు దొరా," అన్నాడు బాబాయ్. ఊరంతా ఆయన్నే తిట్టింది. నేనూ నాలుగు అక్షింతలు వేశాను.

మరుసటి ఏడు మొదటి రెండు రోజుల యుద్ధాల్లో బాబాయ్ బ్యాండు మేళాన్ని మించి అరిచాడు. మూడో రోజుకి మెడకి గుడ్డ చుట్టుకుని, అల్లం కషాయం కూజాతో గూట్లోకి దిగాడు. ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ, ఆఖరి ఘట్టానికి గొంతు పూర్తిగా పోయింది. సుల్తాను ఓడి మోకరిల్లాడు. రాజు ఆయన్ని క్షమించి, నన్ను యువరాజు చేతిలో పెట్టాలి. పెద్దయ్య చెయ్యి చాచాడు. మాట రాలేదు. కింద నుంచి కొలిమి తిత్తిలా గాలి మాత్రం వస్తోంది.

నేను గూటి పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాను. తొంగిచూస్తే బాబాయ్ కళ్ళనిండా నీళ్ళు.

"మీకు సగమైనా గుర్తుంటుంది, పెద్దయ్యకి ఒక్క ముక్క కూడా గుర్తుండట్లేదు తల్లీ," అన్నాడు, గొంతులేని గొంతుతో. "చీమ కుట్టకముందు నుంచే అంతే. మెల్లిగా చెబితే చెవికి వినపడదు కూడా. అరిస్తే జనం నన్ను చూసి నవ్వుతారు, ఆయన సంగతి కనిపెట్టరు."

ముందు వరసలో అనక్లేతో దొరగారు అప్పుడే అల్లుడి వైపు తిరిగి మీసం సవరిస్తున్నారు.

అంతలో పసెన్సియా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచింది. "ఏమయ్యా ఇలారియో, ఇవాళ గొంతు ఇంట్లో పెట్టొచ్చావా? నీ అరుపులు విని విని మాకూ వచ్చేసిందిలే!" అని వెక్కిరించి, విసనకర్ర ఊపుతూ అందుకుంది: "లేవయ్యా సుల్తాను, కత్తి కింద పెట్టు!"

పెద్దయ్య మొహం వెలిగింది. "లేవయ్యా సుల్తాను, కత్తి కింద పెట్టు!" ఏమి గొంతు అది! నిజమైన రాజుకి కూడా ఉండదు.

"పగలన్నీ మరచి నా చెయ్యి పట్టు!" ఈసారి మైదానమంతా అరిచింది. జాలర్లు అరిచారు, కోడిపందేల వాళ్ళు అరిచారు. ఆఖరి పాదానికి అందరికంటే పెద్దగా అరిచింది ఎవరనుకున్నారు? అనక్లేతో దొరగారే! అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు గానీ, అప్పటికే అల్లుడు చూసేశాడు. ఆ తర్వాత వేషం మార్చే మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దయ్య కాళ్ళు నిలబడినన్నాళ్ళూ ఆయనే రాజు, ఊరంతా కలిసి మాటలందించేవాళ్ళు.

ఇప్పుడు మనిలా నుంచి పాటల నాటకాలు వస్తున్నాయి. వాటిలో వేషగాళ్ళందరికీ మాటలు నోటికొచ్చు. నాకేమో చప్పగా ఉంటుంది.

ఆ రోజు నాటకం అయ్యాక పెద్దయ్య అట్టకిరీటం చంకలో పెట్టుకుని గూటి దగ్గరికి వచ్చాడు. "ఇలారియో, ఈసారి నిన్ను... నిన్ను..." అని ఆగిపోయాడు. నేను బాబాయ్ వైపు చూశాను. అందించలేదు. గొంతు లేకనేమో అనుకున్నాను, కానీ పెదాలు కూడా కదపలేదు. ఎదుటివాడి మాట కోసం ఆయన ఆగడం అదే మొదటిసారి చూశాను. పెద్దయ్య వెతుక్కున్నాడు, వెతుక్కున్నాడు, చివరికి దొరికింది.

"ఈసారి నిన్ను చీమ కుట్టలేదట్రా?"