డబ్బాను నమ్మి డీజిల్ పోయించని రోజు

నేను చెప్పబోయేది ఒక ఘోరం. మీ ఇంట్లో డీజిల్ కారు ఉండి, దాన్ని నడిపే మనిషి ఫోన్లో ప్రకటనలు చూసే రకమైతే, దీన్ని అతనితోనే పైకి చదివించండి. నవ్వాడంటే ఇంకోసారి చదివించండి.

కొన్నేళ్ళ కిందటి మాట. కరీంనగర్‌లో మా ఇంటి ముందు ఒక పాత డీజిల్ కారు ఉండేది. దానికి ఏ రోగమూ లేదు. ఆరోగ్యంగా ఉన్న బండికి వైద్యం చేయాలన్న దురద నాకే పుట్టింది. ఫోన్లో ఒకాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా చూపించాడు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో దీన్ని గుచ్చితే చాలట, ఇంజన్ బలం పెరుగుతుందట, డీజిల్ తక్కువ తాగుతుందట. బలమూ పెరగాలి, తిండీ తగ్గాలి. అలాంటి జీవి ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు రాలేదు. రెండు ప్లేట్ల బిర్యానీ ధరకే వస్తోందని సంబరపడి తెప్పించాను.

గుచ్చగానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మిణుకుమన్నాయి. మొదట్లో కొన్నాళ్ళు బండిని నెమ్మదిగా నడపాలని, ఆలోగా డబ్బా మీ ఇంజన్ స్వభావాన్ని చదువుకుంటుందని దాంతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. నేను బుద్ధిగా ఏసీ ఆపి, చెమటలు కక్కుతూ, యాభై దాటకుండా నడిపాను. తీరా చూస్తే మైలేజీ పెరిగింది. పెరగక ఏమవుతుంది? అలా నడిపితే ఏ బండికైనా పెరుగుతుంది. కానీ ఆ ఘనతంతా నేను డబ్బాకే కట్టబెట్టాను. దీపాలు పెడితే బండి ఉరుకుతుందంటే పెండ్లి పందిరి ఢిల్లీ దాకా ఉరకాలి కదా అని మా ఆవిడ స్వరూప అన్నది. ఆడవాళ్ళకు టెక్నాలజీ తెలియదని నేను సరిపెట్టుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

స్వరూప వాళ్ళ నాన్న, అంటే మా మామ, గోదావరిఖని బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్ళు డంపర్ల ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్. ఆయనకు డబ్బా చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగాడు.

"గిండ్లకెల్లి ఇంజన్‌కు ఏం పోతది?"

"సిగ్నల్ పోతది మామా."

ఆయన "ఊఁ" అని ఊరుకున్నాడు. అల్లుడి మర్యాద అడ్డొచ్చింది కానీ, లేకపోతే ఆ డబ్బా అప్పుడే చెత్తకుప్పలో ఉండేది.

ఇంతలో బావమరిదికి ఆదిలాబాద్ సంబంధం కుదిరింది. పూలుపండ్లు పెట్టుకుని రావాలి. అంటే మేము చీర, ఉంగరం, పూలు, పండ్లు తీసుకుపోయి, పిల్లకు బొట్టు పెట్టి, మాట ఖాయం చేసుకోవాలి. పదకొండున్నర దాటితే వర్జ్యం, ఆలోపే బొట్టు పడాలని అయ్యగారు చెప్పాడు. అక్కడ ఇల్లంతా పిల్ల బాపమ్మ, అంటే నాయనమ్మ, మాట మీద నడుస్తుంది. ఆ ముసలామెకు ఈ సంబంధం మొదటి నుంచీ ఎందుకో మనసుకు పట్టలేదు, కారణం చెప్పదు. ముహూర్తం తప్పితే అదే వంకతో కాదంటుందేమోనని మా అత్త వారం రోజులుగా సరిగా అన్నం కూడా తినలేదు.

చుట్టాలంతా పెండ్లికొడుకుతో సహా వ్యానులో ముందే పోయారు. చీర, ఉంగరం, పళ్ళేలు, అత్త, మామ, స్వరూప నా కారెక్కారు. వద్దన్నా వినకుండా ఎక్కించుకున్నది నేనే. డబ్బా పెట్టిన బండి ఘాట్ రోడ్డు ఎలా ఎక్కుతుందో మామకు చూపించాలి కదా.

జగిత్యాల దాటి చాలా దూరం పోయాక డీజిల్ దీపం వెలిగింది. నిర్మల్ చేరేసరికి వెలిగి చాలాసేపయింది. ఎడమ పక్కన బంకు కనబడింది. దాని ముందు లారీల వరుస.

"అల్లుడా, జర డీజిల్ పోయించుండ్రి," అన్నాడు మామ.

"అవుసరం లేదు మామా. డబ్బా ఉన్నది."

"దీపం వెలుగుతున్నది, కనవడ్తలేదా?" అన్నది స్వరూప వెనక నుంచి.

"అది పాత లెక్కల మీద వెలిగే దీపం. మనది ఇప్పుడు కొత్త లెక్క," అన్నాను.

పాఠకులు ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోవచ్చు. నేను ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నాను. పాత లెక్కల మీద వెలిగే దీపమట.

ఘాట్ మీద మామ ముఖం చూస్తూ యాక్సిలరేటర్ నేలకు తొక్కాను. నలుగురు మనుషులు, అరటిగెల, యాపిల్ పెట్టెలు. బండి గోలగోలగా ఎక్కింది. చూశారా మామా, అన్నాను. ఆయన కిటికీలోంచి అడవి చూశాడు. దిగాక ఇంకో బంకు వచ్చింది, దాన్నీ దాటించాను. గుడిహత్నూర్ కూడా దాటాం. ఆదిలాబాద్ ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా బండి రెండుసార్లు దగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి, ఆగిపోయింది.

ఇంజన్ చచ్చింది. డబ్బా మాత్రం మూడు రంగుల్లోనూ చక్కగా వెలుగుతోంది.

సమస్య వస్తే డబ్బా మీది మీట ఐదు సెకన్లు నొక్కిపట్టాలని కాగితంలో ఉంది. నొక్కిపట్టాను. తాళం తిప్పాను. మళ్ళీ నొక్కాను, మళ్ళీ తిప్పాను. ఐదోసారికి మామ నా చేయి పట్టుకున్నాడు.

"తాళం తిప్పకు. ట్యాంకు ఎండి పైపులల్ల గాలి వట్టింది. నువ్వు బ్యాటరీ గూడ సంపుతున్నవ్."

పెండ్లయిన తొమ్మిదేళ్ళలో మామ నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. వెనక అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకు పెండ్లి ఆగమైపోయిందని సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. సిగ్గుతో నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది, అది కూడా కుదరలేదు.

మామ డబ్బాను సాకెట్లోంచి పీకి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, దాన్ని రెండు చెక్కలు చేశాడు.

"కరెంటు గుంజుకునే తీగెలు రెండు. తతిమ్మయన్ని దీపాలకు వొయినయ్. ఇంజన్ దిక్కు ఒక్కటి గూడ పోలే."

"మరి మైలేజ్ ఎట్ల పెరిగింది మామా?" అని అడిగాను. అప్పటికీ అడిగాను, చూడండి.

"ఏసీ బందువెట్టి, పాణం బిగవట్టి నడిపితివి. గట్ల పెరిగింది."

అప్పుడొచ్చింది పత్తి నింపుకుని మార్కెట్‌కు పోతున్న ట్రాక్టర్. దాని డ్రైవర్ తన ట్యాంకులోంచి డీజిల్ ఇస్తానన్నాడు, మంచివాడు. ఇప్పుడు పోసినా పైపుల్లో గాలి తీయాలి, దానికి టైము లేదు, తాడు కట్టమన్నాడు మామ. పదకొండు కావస్తోంది.

ఆదిలాబాద్‌లోకి మా రాక అలా జరిగింది. ముందు ట్రాక్టర్, దాని వెనక పత్తి ట్రాలీ, దాని తోక పట్టుకుని నా కారు. అద్దాలు దించి కూర్చున్నామేమో, దారి పొడవునా పత్తి ఎగిరొచ్చి అత్త పట్టుచీర మీద, మామ మీసాల మీద, నా నెత్తి మీద వాలింది. పక్కనుంచి పోయేవాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. ఫంక్షన్ హాల్ ముందు బ్యాండు వాళ్ళు ట్రాక్టర్‌ను చూసి వాయించాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామ పళ్ళెం ఎత్తుకుని పరుగు తీశాడు. పదకొండూ ఇరవై ఎనిమిదికి పిల్ల నుదుట బొట్టు పడింది.

అమ్మయ్య అనుకుని నేనొక మూల కుర్చీ వెనక దాక్కున్నాను. కానీ బాపమ్మ కర్ర తాటించుకుంటూ నేరుగా నా దగ్గరికే వచ్చింది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, నెత్తి మీది పత్తి ఒకింత తీసి, మామ వైపు తిరిగింది. జరిగిందంతా ఆమెకు అప్పటికే చేరిపోయింది.

"డబ్బా పెట్టి డీజిల్ పోయించనిది గీయననేనా?"

"అవునమ్మా. పెద్దల్లుడు," అన్నాడు మామ. ఆ మాట ఆయన నోట్లోంచి చాలా కష్టంగా వచ్చింది.

"ఏం నౌకరి జేస్తడు?"

మామ నేల చూపులు చూశాడు. అత్త ఎటో తిరిగింది. చివరికి స్వరూపే చెప్పింది.

"జూనియర్ కాలేజిల ఫిజిక్స్ చెప్తడు బాపమ్మా."

బాపమ్మ నన్ను ఇంకోసారి తీరుబడిగా చూసింది. ఆ తర్వాత బోసినోటితో ఆమె నవ్విన నవ్వును నేను బతికున్నంత కాలం మరచిపోను.

"మా పిల్ల ఇంటర్ల ఫిజిక్స్ తప్పింది. మీది సదువుకున్నోళ్ళ ఇల్లు, దాన్ని మాటలంటరేమోనని ఇన్ని దినాలు గుబులువడ్డ. ఇగ నాకు ఏ ఫికర్ లేదు. లగ్గం ఎప్పుడు పెట్టుకుందాం?"

కాబట్టి మహాజనులారా, పంచభూతాల సాక్షిగా, అందులోనూ ఆనాడు నా డీజిల్ పైపుల్లో చేరిన వాయువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా ఇంజన్‌కు డీజిల్ తప్ప ఇంకేదీ పెట్టను. రంగురంగుల దీపాలు చూడాలనిపిస్తే దీపావళి దాకా ఆగుతాను.