పెద్దమ్మ పాటలో గుయ్యిమనే శబ్దం

థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు గొంతు నరానికి దెబ్బ తగలవచ్చుననీ, మాట మిగిలినా పాట మిగులుతుందని హామీ ఇవ్వలేననీ డాక్టర్ చెప్పాక, పెద్దమ్మ పాటలు రికార్డు చేసే బాధ్యతను నేను తీసుకున్నాను. నాకెవరూ అప్పగించలేదు. ఆపరేషన్ సోమవారం. శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్, మైకు, ఆ రెండింటినీ కలిపే చిన్న లోహపు పెట్టె పట్టుకొని హసన్‌పర్తిలోని వాళ్ల ఇంటికి వెళ్లాను.

ఇంటి ప్రార్థనల్లో పాట ఎత్తేది పెద్దమ్మే. ఆమె ఒక పాదం పాడి ఆగుతుంది. కూర్చున్న ఆడవాళ్లు దాన్ని అందుకుంటారు. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, ఒంటరిగా పాడినా ఆమె పాదం పాదానికీ వాళ్ల కోసం ఆగుతుంది. మొదటి పాటను తిరిగి వింటే, ఆ ఆగిన చోట్లన్నిటా గుయ్యిమంటూ ఒకే శబ్దం పరుచుకొని ఉంది.

కాలేజీ డిబేట్లు నాకు నేర్పిన పద్ధతి ఒక్కటే: అనుమానాలను విడివిడిగా నిలబెట్టి, నిలవని దాన్ని తొలగించడం. ఫ్యాన్ ఆపాను. శబ్దం పోలేదు. ట్యూబ్‌లైటు ఆర్పాను, మైకు వైరు మార్చాను. ఫ్రిజ్ ఆపబోతే పెదనాన్న గుమ్మంలో నిలబడి, పాలు విరిగితే నీ మైకుల పోసుకోమన్నాడు. అయినా ఆపాను. పాలు విరగలేదు, శబ్దమూ పోలేదు.

నేను ఊహించనిది మరొకటి జరుగుతూ వచ్చింది. శబ్దాన్ని పరీక్షించడానికి నేను రికార్డు నొక్కిన ప్రతిసారీ పెద్దమ్మ పాట ఎత్తుకుంది. వద్దని చేత్తో సైగ చేసినా కళ్లు మూసుకొని చివరిదాకా పాడింది. మూడో పాట అయ్యాక, ఇది పరీక్ష మాత్రమేనని వివరించాను.

“మిషన్ నొక్కితివి, పాడుమన్నట్టే గదా,” అంది. “ఎత్తిన పాట నడుమ దించొద్దు బిడ్డా. మా అమ్మ ఎన్నడు దించలే.”

అప్పటికే ఆమె గొంతు అంచులో జీర మొదలైంది. నేను ఒక్కొక్క కారణాన్నీ తోసిపుచ్చుతున్న కొద్దీ, రికార్డు చేయడానికి వచ్చిన గొంతే తరిగిపోతోంది. ఇక నొక్కనని చెప్పి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని శబ్దాన్ని మాత్రమే వింటూ కూర్చున్నాను. నడుము నొప్పి పుట్టింది. పెట్టెను పక్కకు జరుపుదామని చేయి వేసేసరికి శబ్దం అణగిపోయింది. చేయి తీశాను, మళ్లీ లేచింది.

అంటే ఛార్జర్ మూడో పిన్ను ఎర్తింగ్ తీగ ద్వారా చేరవలసిన నేల దానికి అందడం లేదు; చేయి వేసినప్పుడు నా ఒళ్లే ఆ తీగ పని చేస్తోంది. బ్యాటరీ మీద నడుపుదామంటే, ఛార్జర్ తీసిన మరుక్షణం ఆగిపోయే ముసలి ల్యాప్‌టాప్ నాది. ఎర్తింగ్ గుంత ఎక్కడుందని పెదనాన్నను అడిగాను.

“ఆ గుంతనా? ప్రార్థనకు కుర్చీలు ఊగుతానయని వాకిట్ల గచ్చు పోయించిన్నాడే మూసేసిన.”

తడి ఆరితే అది పనిచేయదనీ, ఎండాకాలంలో నీళ్లు పోస్తుండాలనీ అన్నాను. గుంతకు దాహమవుతదని ఎవడు చెప్పిండని ఆయన నవ్వాడు. నాకు వాదించే ఓపిక లేదు. రేపు ఆదివారం, గచ్చు పగలగొట్టేవాళ్లు ఎవరూ దొరకరు.

కనుక చెప్పులు విడిచి చల్లటి నేల మీద కూర్చున్నాను. ఎడమ చేతిని పెట్టె మీద ఆనించాను. లోహం సన్నగా జివ్వుమంది. ఈసారి నిజంగానే పాడమని పెద్దమ్మకు చెప్పి, కుడిచేత్తో నొక్కాను.

రెండు పాదాలు బాగానే వచ్చాయి. ఆగిన చోట గది నిశ్శబ్దంగా ఉంది. మూడో పాదం పైస్థాయికి ఎక్కాలి. ఎక్కబోయిన గొంతు సగంలో చీలింది. పెద్దమ్మ కళ్లు తెరిచింది. ఆమె పాటను దించడం లేదు, ముందుకు పోలేకపోతోంది. నేను అందుకుందామా అనుకున్నాను. ప్రార్థనలకు వెళ్లడం మానేసి చాలా కాలమైంది. నమ్మని మాటను పైకి అనకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ తర్కం ముగిసేలోగానే గుమ్మంలోంచి పెదనాన్న ఆ పాదం అందుకున్నాడు. ప్రార్థనల్లో కుర్చీలు వేయడమే తప్ప ఆయన పాడగా నేనెన్నడూ వినలేదు. శ్రుతి లేదు. స్థాయి బాగా కింద ఉంది.

పెద్దమ్మ ఆయన వైపు ఒకసారి చూసింది. తరువాతి పాదాన్ని ఆ కింది స్థాయిలోనే ఎత్తుకొంది. ఆగింది. ఆయన అందుకున్నాడు. పెట్టె మీద నా చేయి తిమ్మిరెక్కింది. పాట పూర్తయ్యేదాకా దాన్ని తీయలేదు.